మలేరియాను వెలుగుతో పట్టాలంటే ఇరిడియమా, యూరోపియమా?

మలేరియా ర్యాపిడ్ కిట్లలో గీతగా కనిపించేది ఎక్కువగా బంగారు నానోకణాల రంగే. మైక్రోలీటరు రక్తంలో 200 పరాన్నజీవులుంటే గీత బాగానే పడుతుంది. అంతకంటే తగ్గేకొద్దీ పలచబడి కంటికి ఆనదు. ఆ లోటు తీర్చడానికే రంగుకు బదులు వెలుగిచ్చే లోహ సమ్మేళనాల వైపు చూస్తున్నారు.

ఇరిడియం తీరు ముచ్చటగా ఉంటుంది. ఈ ప్రోబ్‌లో, అంటే వెలుగుతో జాడ చెప్పే సమ్మేళనంలో, లోహాన్ని అంటిపెట్టుకుని రెండు నీటి అణువులుంటాయి. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎదురైతే అవి తప్పుకుంటాయి, హిస్టిడిన్ అతుక్కుంటుంది, అప్పటిదాకా మసకగా ఉన్నది వెలుగుతుంది. ఫాల్సిపారం రకం మలేరియా పరాన్నజీవి వదిలే హెచ్‌ఆర్‌పీ2 ప్రోటీన్‌లో సుమారు మూడో వంతు హిస్టిడినే కాబట్టి ఒక్కో అణువుకు చాలా ఇరిడియాలు పడతాయి. గుర్తుపట్టడానికి యాంటీబాడీ అక్కర్లేదు. వేడికి పాడయ్యే సరుకు ఒకటి తగ్గినట్టే.

చిక్కంతా రక్తంలోనే ఉంది. రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్‌లోనూ హిస్టిడిన్ ఉంది. అది చాలదన్నట్టు, హిస్టిడిన్ దండిగా ఉన్న గ్లైకోప్రోటీన్ ఒకటి మన ప్లాస్మాలోనే తిరుగుతుంటుంది. ఇరిడియానికి ఈ తేడాలు పట్టవు. ముందు హెచ్‌ఆర్‌పీ2ను వేరు చేసుకోవాలి. అందుకు యాంటీబాడీనే వాడితే ఇరిడియం ఇచ్చిన లాభం సగం పోయినట్టే. పైగా ఆక్సిజన్ తగిలితే దీని వెలుగు తగ్గుతుంది.

యూరోపియం తనంతట తాను దేన్నీ గుర్తుపట్టదు. యాంటీబాడీకో, ఆప్టమర్‌కో (లక్ష్యాన్ని పట్టే చిన్న డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ ముక్క) దాన్ని తగిలించాలి. అతినీలలోహిత కాంతిని పట్టి అందించే యాంటెన్నా లిగాండ్ (లోహానికి అతుక్కునే అణువు) కావాలి, దగ్గరికొచ్చే నీటినీ ఆపాలి, లేకపోతే వెలుగు ఆరిపోతుంది. ఇన్ని హంగులు పెట్టినా దీనికే నా ఓటు. రక్తం సొంత మెరుపు నానోసెకన్లలో ఆరిపోతే, యూరోపియం వెలుగు మిల్లీసెకను దాకా నిలుస్తుంది. కాసేపాగి కొలిస్తే మిగిలేది ప్రోబ్ వెలుగే. మైక్రోసెకన్లు నిలిచే ఇరిడియంతోనూ ఇలా ఆగి కొలవవచ్చు కానీ దానికి మరింత చురుకైన ఎలక్ట్రానిక్స్ కావాలి. యూరోపియం 615 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది, అక్కడ హిమోగ్లోబిన్ కాంతిని పెద్దగా మింగదు. దాని చుట్టం టెర్బియం 545 దగ్గర వెలిగి, సరిగ్గా హిమోగ్లోబిన్ నోట్లో పడుతుంది.

అయితే లోహం కంటే ముందు తేల్చుకోవాల్సింది బయోమార్కర్‌ను, అంటే జబ్బు జాడగా దేన్ని వెతకాలన్నది. హెచ్‌ఆర్‌పీ2 వైవాక్స్ అనే మరో రకం మలేరియా పరాన్నజీవిలో లేదు, జబ్బు నయమయ్యాక కూడా వారాల తరబడి రక్తంలో ఉంటుంది. అసలు ఆ జన్యువే లేని ఫాల్సిపారం రకాలు పెరూలో ఉన్నట్టు 2010లో బయటపడింది, తర్వాత ఆఫ్రికాలోనూ కనిపించాయి. అలాంటిచోట ఇరిడియం ఎంత సున్నితమైనదైనా చూపేది చీకటే. పీఎల్‌డీహెచ్ ఎంజైమ్ మలేరియా పరాన్నజీవులన్నిటిలోనూ ఉంటుంది, అవి చచ్చాక త్వరగా పోతుంది. దాన్ని పట్టే యాంటీబాడీకి తగిలించడానికి యూరోపియం సిద్ధంగా ఉంటుంది, హిస్టిడిన్‌నే నమ్ముకున్న ఇరిడియానికి ఆ వీలు లేదు.

జన్యువు పోని ఫాల్సిపారమే ఎక్కువున్న చోట, నమూనాను శుద్ధి చేసే ల్యాబ్ అందుబాటులో ఉంటే మాత్రం ఇరిడియం తీసుకోవచ్చు.