రెండు కాలర్ మైకుల సెట్: తెలుగు క్లాసులో ఒక సెమిస్టర్ వాడాక

గాంధీ రోడ్డులో ఒక షాపులో ఈ వైర్‌లెస్ మైకుల సెట్ కొన్నాను, రెండు వేల లోపే పడింది. రెండు మైకులు, లాప్‌టాప్‌కి గుచ్చే రిసీవర్ ఒకటి. తిరుపతిలో ఎం.ఏ. తెలుగు చెప్తాను. క్లాసులో ఇరవై మంది దాకా ఉంటారు, రోజూ బస్సెక్కి రాలేనివాళ్లు పీలేరు, పలమనేరు, కుప్పం నుంచి అదే టైముకి ఆన్‌లైన్‌లో వింటారు.

ఇన్నాళ్లూ లాప్‌టాప్‌లో ఉన్న మైకే దిక్కు. బోర్డు వైపు తిరిగితే చాలు, ‘మేడం, వినపడట్లేదు’ అని చాట్‌లో వరసగా మెసేజ్‌లు. పద్యం చెవికెక్కాలి కదా, ఉత్పలమాలలో మొదటి అక్షరంతో పదో అక్షరానికి యతి ఎలా కుదిరిందో విననివాళ్లకి గణాలు గీసి చూపించి ఏం లాభం?

ఇప్పుడు చివరి బెంచీ దాకా నడిచినా నా గొంతు తగ్గట్లేదు. కానీ అసలు లాభం రెండో మైకుతో, దాన్ని మొదటి వారమంతా డబ్బాలోనే ఉంచేశాను. ఆన్‌లైన్ పిల్లలకి నా మాట తప్ప తోటివాళ్ల మాట వినపడేది కాదు, అందుకే ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు. ఇప్పుడు పద్యం చదివేవాళ్ల చేతికి ఆ మైకు ఇస్తున్నాను. ఒకరోజు క్లాసులో ఒకబ్బాయి దీర్ఘం మింగేసి చదివితే, పీలేరు నుంచి వింటున్న అమ్మాయి టక్కున అందుకుని ‘అన్నా, అక్కడ దీర్ఘం పోయింది, గణం తప్పింది’ అని పాదమంతా తనే చదివి వినిపించింది. ఆ అమ్మాయి గొంతు నేను వినడం అదే మొదటిసారి, ఎంత సంతోషమేసిందో!

మైకు పక్కన నాయిస్ తగ్గించే బటన్ ఉంది, దాన్ని మాత్రం ముట్టుకోకండి. ఫ్యాన్ మోతతో పాటు ఒత్తులు కూడా పోతున్నాయి, నేను ‘ఫలం’ అంటే వాళ్లకి ‘పలం’ అని వినపడింది. మహాప్రాణాలు పలికించడం నేర్పే క్లాసులో ఇది చిన్న లోపం కాదు. మీటింగ్ యాప్‌లో కూడా నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేయాలి, జూమ్ అయితే ఒరిజినల్ సౌండ్ ఆన్ చేసుకోండి.

క్లిప్పు వెంకటగిరి కాటన్ చీరకి బాగానే నిలుస్తుంది, పట్టుచీరకి జారిపోతుంది, జరీ తగిలితే గరగరమంటుంది. మూడు గంటలు దాటితే చార్జింగ్ ఉండదు.

ఒక్క మైకున్న సెట్ ఐదారొందలు తక్కువకే వస్తుందని షాపులో అన్నారు. వద్దు, రెండున్నదే తీసుకోండి.