సైకాలజీ చదివాక పీహెచ్‌డీయా, ఎన్జీవో ఉద్యోగమా?

నెల్లూరులో ఎంఏ సైకాలజీ అయింది. బడిపిల్లల కార్యక్రమాలు నిజంగా పనిచేస్తున్నాయో లేదో తేల్చే పనిలోకి రెండు దారులున్నాయి.

ఖర్చు: పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు. జేఆర్‌ఎఫ్ (యూజీసీ ఇచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రాకపోతే భారం ఇంటిమీదే. ఎన్జీవోలో మొదటి నెల నుంచే జీతం. కానీ ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అంతే.

శ్రమ: ఎన్జీవో అంటే పొద్దున్నే కందుకూరు బస్సు. పక్కన సారు నిలబడితే ఎనిమిదో తరగతి పిల్లలంతా మన సర్వే ఫారంలో 'ఎప్పుడూ' అన్నదానికే టిక్కు పెడతారు. ఆయన్ని టీకి పంపడమే అసలు నైపుణ్యం!

రిస్క్: డబ్బిచ్చినవాళ్లు మంచి ఫలితమే కోరుకుంటారు. అబ్బాయిలు నేరాల దారి పట్టకుండా చూడాలని అమెరికాలో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ కార్యక్రమం వాళ్లకు మేలు చేయకపోగా కొన్ని విషయాల్లో కీడే చేసిందని, అది ముగిసిన సుమారు 30 ఏళ్ల తర్వాత తేలింది. అంత ఓపిక యూనివర్సిటీలోనే కుదురుతుంది.

ఇంట్లో అప్పులుంటే ఎన్జీవో. జేఆర్‌ఎఫ్ చేతిలో ఉంటే పీహెచ్‌డీ.