హన్మకొండలో సమ్మర్ క్యాంప్ పని ఇప్పించే కన్సల్టెన్సీ: ఐదుకు ఒకటిన్నర

రేటింగ్ ముందే చెప్పేస్తా. కన్సల్టెన్సీకి ఐదుకు ఒకటిన్నర. వాళ్ళు పంపిన క్యాంపుకు మూడు. క్యాంపులో నా దగ్గర ఆడిన పిల్లలకు ఐదుకు ఐదు.

పేర్లు రాయట్లేదు. కన్సల్టెన్సీ సారు నాతో ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడలేదు, స్కూలు వాళ్ళు ఆలస్యంగానైనా డబ్బులిచ్చారు. నాకు గొడవ వద్దు. మార్చి నెల రాగానే మా జూనియర్లు "అక్కా, ఎక్కడన్నా క్యాంప్ పని ఉందా" అని ఫోన్లు చేస్తారు. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఒకేసారి రాస్తే పోతుందని రాస్తున్నా.

నేను బీపీఈడీ, అంటే ఆటల టీచర్ల కోర్సు, చదువుతున్నా. మాది పరకాల దగ్గర పల్లె. హన్మకొండలో ఒక ఫ్రెండ్‌తో కలిసి రూమ్ తీసుకుని ఉంటున్నా. 2025లో స్కూళ్ళకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు. ఇంటికి పోయి ఏడు వారాలు టీవీ ముందు కూర్చునే కంటే ఏదన్నా పని చేస్తే రూమ్ కిరాయి అయినా వెళ్తుందనుకున్నా. ఇక్కడే తప్పు చేశాను. ఏప్రిల్ రెండో వారం దాకా కదల్లేదు. అప్పటికే పెద్ద స్కూళ్ళు సొంత పీఈటీలతో లిస్టు వేసేసుకున్నాయి. మిగిలినవి కరాటే, స్కేటింగ్, డ్యాన్స్. నాది ఖోఖో.

హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లోనే, జిరాక్స్ షాపు పైన మొదటి అంతస్తులో ఉంటుంది ఆ ఆఫీసు. మెట్ల దగ్గర "సమ్మర్ క్యాంప్ టీచర్లు, కోచ్‌లు కావలెను" అని ఫ్లెక్సీ. లోపల ఒక టేబుల్, రెండు ఫోన్లు, రెక్కకు దారం కట్టిన టేబుల్ ఫ్యాను. సారు మర్యాదస్తుడే. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, రిజిస్ట్రేషన్ ఐదు వందలు అన్నాడు. పని దొరికాక మొదటి జీతంలో పది శాతం. రసీదు అడిగితే నోట్‌బుక్కులో పేరు రాసుకుని "ఇదే రసీదమ్మా" అన్నాడు. నవ్వొచ్చింది కానీ కట్టాను.

తర్వాత సర్టిఫికెట్లు అడిగాడు, ఒరిజినల్స్. "పని మధ్యలో మానేసి పోతే స్కూలు వాళ్ళకు నేను జవాబు చెప్పాలె కదా" అని కారణం. జిరాక్సులే ఇస్తా, ఒరిజినల్స్ చూసుకుని తిరిగివ్వండి అన్నాను. ఒక్క నిమిషం ముఖం మాడ్చుకుని సరేనన్నాడు. నా వెనక కూర్చున్న ఒకబ్బాయి మాత్రం టెన్త్ మెమో తీసి ఇచ్చేశాడు. నాకు వాడి కోసం టెన్షన్. జూన్‌లో అది తిరిగి తెచ్చుకోవడానికి ఎన్నిసార్లు ఆ మెట్లెక్కాడో ఏమో. మీరు మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి. నాలుగు వారాల పనికి జీవితకాలం కాగితం తాకట్టు పెట్టే అవసరం ఏముంది.

ఐదు వందలకు నాకు దక్కినవి రెండు ఫోన్ నంబర్లు. మొదటి నంబరుకు చేస్తే "మాకు కరాటే మేడం కావాలి, బ్లాక్ బెల్టు ఉందా?" రెండోది హంటర్ రోడ్డు వైపు ఒక ప్రైవేటు స్కూలు. రమ్మన్నారు. పొద్దున పది గంటలకు పోయాను.

గేటు దగ్గర వాచ్‌మన్ తాత పేరు రాసుకుంటుంటే పక్కకు చూశాను. ఇనుప గేటుకే, సెల్లో టేపుతో, ఏ ఫోర్ కాగితం: "వేసవి శిబిరానికి ఆటల కోచ్‌లు కావలెను. నేరుగా ఆఫీసులో సంప్రదించండి." టేపు అంచులు ఎండకు పసుపెక్కి ఉన్నాయి. అంటే ఆ కాగితం అంటించి చాలా రోజులే అయ్యింది.

"తాతా, ఇది ఎప్పటి నుంచి ఉంది?"

"ఉగాది ముంగట పెట్టిన్రు బిడ్డా. ఎవ్వలూ సదువరు."

మా రూమ్ నుంచి ఆ గేటుకు నడిస్తే పావుగంట.

సరే, లోపల ఇంటర్వ్యూ. క్యాంప్ చూసుకునే సారు నా కాగితాలు తిప్పి, "ఖోఖోనా? ఈ కాలం పిల్లలు ఎవరు ఆడతారమ్మా? క్రికెట్ చెప్పగలవా?" అన్నాడు. జనవరిలోనే ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగింది. ఆడవాళ్ళ ఫైనల్, మగవాళ్ళ ఫైనల్ రెండింట్లోనూ మనమే నేపాల్‌ను ఓడించి గెలిచాం. అదే చెప్పాను. ఆయనకు తెలియదు. ఫోన్ తీసి అక్కడికక్కడే వెతుక్కున్నాడు. "బ్రోచర్‌లో ఈ ముక్క వేద్దాం" అని నన్ను తీసుకున్నాడు. నెలకు తొమ్మిది వేలు. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర. కాగితం మీద ఏమీ రాయలేదు, నేనూ అడగలేదు. నా రెండో తప్పు ఇది.

ఏప్రిల్ 28, సోమవారం మొదలు. మే 24, శనివారం ఆఖరు. తెల్లారితే రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలంటారు కదా, ఆ భయానికి అమ్మలెవరూ పిల్లల్ని పంపరు, అందుకే అక్కడితో కట్ చేశారు.

క్యాంపుకు మూడు ఎందుకిచ్చానో చెప్తా. గ్రౌండ్ బాగుంది, చుట్టూ వేపచెట్లు. నీళ్ళ క్యాన్లు ఎప్పుడూ నిండుగా ఉండేవి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆఫీసులో రెడీగా పెట్టేవాళ్ళు. ఆడపిల్లలకు, మాకు తాళం పడే బాత్రూమ్ ఉండేది. ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు ఇంకో రెండు క్యాంపులు చూసి మాట్లాడండి. ఎనిమిది దాటాక ఎవరినీ ఎండలో నిలబెట్టలేదు, లోపల డ్రాయింగ్, చెస్. పిల్లలకు రోజూ అరటిపండు, రాగిజావ. జావలో ఉండలు. ఆ ఉండలు ఎవరి గ్లాసులో ఎక్కువొచ్చాయో లెక్కపెట్టుకునే పోటీ పిల్లలే పెట్టుకున్నారు.

మార్కులు తగ్గింది సామాను దగ్గర. ఖోఖోకు రెండు స్తంభాలు కావాలి. నాకు దొరికినవి పెయింట్ డబ్బాలో సిమెంటు పోసి నిలబెట్టిన రెండు ఇనుప పైపులు. పిల్లలు పట్టుకుని తిరిగితే డబ్బాతో సహా ఒరుగుతాయి. మూడు రోజులు చూసి, వాచ్‌మన్ తాతతో గడ్డపార పట్టించి రెండు గుంతలు తవ్వించాను. డబ్బాలు అందులో దించి మట్టి కొట్టాం. ఆ తర్వాత కదల్లేదు.

రోజూ అయిదున్నరకే పోయి సున్నంతో గీతలు వేసేదాన్ని. స్తంభానికి స్తంభానికి మధ్య పట్టీ, దాన్ని అడ్డంగా కోసే గీతలు, ఎనిమిది గళ్ళు. చేత్తో వేస్తే గాలికి సున్నం కళ్ళలోకి కొడుతుంది. రెండో వారంలో ఒక పాప వాళ్ళ నానమ్మ ముగ్గు డబ్బా తెచ్చి ఇచ్చింది, అడుగున చిల్లులున్న రేకు డబ్బా. పట్టుకుని నడిస్తే గీత దానంతటదే పడుతుంది. పెద్ద స్టేడియాల్లో ఏం వాడతారో గానీ నాకైతే దానికి మించింది కనబడలేదు.

నా గ్రూపులో ఇరవై రెండు మంది. ఆటలో ఎనిమిది మంది గళ్ళలో ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి కూర్చుంటారు, తొమ్మిదోవాడు తరుముతాడు. కూర్చున్నవాడి వీపు తట్టి "ఖో" అని గట్టిగా అనాలి, అప్పుడే వాడు లేవాలి. కాజీపేట రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే ఒక పిల్లాడు, పదేళ్ళుంటాయి, పరుగులో అందరికంటే ముందు. కానీ నోరు విప్పడు. వీపు మీద మెల్లగా చెయ్యి వేసి నిలబడతాడు, ఎవరినో బస్సులో జరగమన్నట్టు. నేను విజిల్ వేసి ఫౌల్ అంటే తల దించుకుంటాడు. మిగతావాళ్ళు నవ్వుతారు. చివరికి వాణ్ణి ఒక్కణ్ణే వేపచెట్టు దగ్గరికి తీసుకుపోయి, చెట్టును తట్టి ఖో చెప్పమన్నాను. మొదటి రోజు చెట్టుక్కూడా వినబడలేదు. నాలుగో రోజుకు కొమ్మ మీది కాకి లేచిపోయింది. మూడో వారం మ్యాచ్‌లో వాడు అరిచిన ఖోకు కూర్చున్న పిల్ల ఉలిక్కిపడి రాంగ్ సైడు లేచింది. అదీ ఫౌలే. విజిల్ వేయడం మర్చిపోయాను.

ఇక డబ్బుల సంగతి. మే 24న అందరికీ సర్టిఫికెట్లు, ఫోటోలు. జీతం "వచ్చే వారం". వారం తర్వాత పోతే "అకౌంటెంట్ లేడు". ఇంకోసారి పోతే "స్కూల్ రీఓపెన్ అయ్యాక రామ్మా". జూన్ 12న స్కూళ్ళు తెరిచారు, 16న యూపీఐలో పడ్డాయి. తొమ్మిది వేలు కాదు, ఏడు వేల రెండు వందలు.

అడిగితే సారు కాలిక్యులేటర్ తిప్పి చూపించాడు. తొమ్మిది వేలను ముప్పైతో భాగిస్తే మూడు వందలు. క్యాంప్ నడిచింది ఇరవై నాలుగు రోజులు. ఆదివారాలు లేవు. లెక్కలో తప్పు లేదు, కానీ ఆ లెక్క నాకు ఏప్రిల్‌లో చెప్పలేదు. భాగించేటప్పుడు ఆదివారాలు కలిపిన ముప్పై, గుణించేటప్పుడు ఆదివారాలు తీసేసిన ఇరవై నాలుగు. ఇంటికి పోయి అమ్మకు చెప్తే నా కంటే ఆమెకే ఎక్కువ కోపం వచ్చింది. అమ్మ పుట్టిల్లు భూపాలపల్లి అడవి అంచున. పెళ్ళికి ముందు ప్రతి ఎండాకాలం తునికాకు కోసేది. యాభై ఆకులు ఒక కట్ట, కల్లంలో కట్టలు లెక్కపెట్టి రాసుకునేవాళ్ళు. "అడివిల ఆకు కోసేటోళ్ళకే కట్టకు ఎంతో ముందుగాల చెప్పేటోళ్ళు బిడ్డా. గంత పెద్ద బడి సారు నీకు గది సుత చెప్పలేదా?"

కన్సల్టెన్సీ ఇక్కడ ఏమన్నా పనికొచ్చిందా అంటే, ఆలస్యమైన ఆ మూడు వారాలు నా ఫోన్ ఎత్తలేదు. జీతం పడ్డ సాయంత్రమే ఆయనే ఫోన్ చేశాడు. ఎలా తెలిసిందో. పది శాతం కింద తొమ్మిది వందలు పంపమన్నాడు. నాకొచ్చింది ఏడు వేల రెండు వందలైతే తొమ్మిది వేల మీద పది శాతం ఏంటి సార్ అన్నాను. కాసేపు సైలెంట్‌గా ఉండి "సరే, ఏడొందల ఇరవై పంపు" అన్నాడు. రిజిస్ట్రేషన్ ఐదు వందలు కలిపితే పన్నెండు వందల ఇరవై. నాకు మిగిలింది ఐదు వేల తొమ్మిది వందల ఎనభై. గేటుకు అంటించిన కాగితాన్ని నాకు చదివి పెట్టినందుకు ఆయనకు ఆ డబ్బులు. జిరాక్సులకు ఒప్పుకున్నందుకు ఒకటి, ఏడొందల ఇరవైకి దిగినందుకు అర, అలా ఒకటిన్నర.

రానుపోను ఖర్చు మాత్రం లేదు. ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులో ఇచ్చే మహాలక్ష్మి జీరో టికెట్‌తోనే ఆదివారాలు ఊరికి పోయొచ్చాను. ఒక్క మే 18న నరకం. కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు నడుస్తున్నాయి, పరకాల మీదుగా పోయే బస్సులన్నీ ఆ జనంతోనే నిండిపోయాయి. హన్మకొండ బస్టాండు నుంచి పరకాల దాకా ఫుట్‌బోర్డు పక్కన, ఒక పెద్దమ్మ ఇత్తడి చెంబు నా పక్కటెముకల్లో గుచ్చుకుంటూ. పుణ్యం ఆమెకు, నొప్పి నాకు.

మా జూనియర్లకు: ఉగాది లోపే కాళ్ళకు పని చెప్పండి. సుబేదారి, నక్కలగుట్ట, హంటర్ రోడ్డు, కాజీపేట, పొద్దున తొమ్మిది పదింటికి నాలుగు రోజులు గేట్లు చూసుకుంటూ తిరిగితే చాలు. జిల్లా యువజన క్రీడల శాఖ వాళ్ళూ ఎండాకాలం శిక్షణ శిబిరాలు పెడతారు, జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) దగ్గర ఆఫీసులో ముందే కనుక్కోండి. అక్కడిచ్చేది గౌరవ వేతనం, ఎక్కువ ఆశపడొద్దు. కానీ పెద్ద గ్రౌండు, సీనియర్ కోచ్‌లు. కరాటే, స్కేటింగ్ వచ్చినవాళ్ళకు ఈ తిప్పలేవీ ఉండవు, ఏప్రిల్ ఆఖర్లో కూడా వెతుక్కుంటూ వస్తారు. మా ఫ్రెండ్ డ్రాయింగ్ చెప్పింది, ఆమెకు పిల్లకింత అని ఇచ్చారు. పిల్లలు తగ్గితే తనే ఫోన్లు చేసి అమ్మలను బతిమాలుకోవాల్సి వచ్చింది.

మొన్న ఫిబ్రవరిలో ఆ స్కూలు సారు నుంచి వాట్సాప్ మెసేజ్. "ఈసారి కూడా ఖోఖో పెడుతున్నాం, పేరెంట్స్ అడుగుతున్నారు, వస్తావా అమ్మా?" నాకు పోవాలనే ఉంది. రైల్వే క్వార్టర్స్ పిల్లాడు మళ్ళీ వస్తాడేమో కూడా. "తప్పకుండా సార్. రోజుకు ఎంత, ఎన్ని రోజులు, ఏ తేదీన ఇస్తారో ఒక్క మెసేజ్ పెట్టండి" అని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.