కార్లైల్ సంతలో అసలు బోల్టుల కోసం

గత సెప్టెంబరు చివరి వారంలో నేను, నా మిత్రుడొకరు మిషిగన్‌లోని నోవై నుంచి పెన్సిల్వేనియాలో పాత కార్ల విడిభాగాల సంత జరిగే కార్లైల్ పట్టణానికి వెళ్ళి వచ్చాము. మూడేళ్ళుగా నా గరాజులో ఉన్న 1968 పాంటియాక్ జీటీఓ కారుకు, ఫ్యాక్టరీలో బిగించిన రకం బోల్టులు, క్లిప్పులు, బ్రాకెట్లు వెతకడమే ఆ ప్రయాణపు పని. ఫ్యాక్టరీ వేసిన గుర్తింపు నంబరు 242తో మొదలవుతుంది కనుక అది అసలైన జీటీఓయే. ఇంజను కూడా 400 ఘనపు అంగుళాలదే. అయితే వెనకటి యజమానుల్లో ఎవరో ముందు భాగమంతా ఒకసారి విప్పి, పోయిన వాటి స్థానంలో హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే తళతళలాడే బోల్టులు బిగించారు. రంగు ఎంత చక్కగా కుదిరినా, బానెట్ ఎత్తగానే చూపు ఆ బోల్టుల మీదికే పోతుంది.

అసలు బోల్టును గుర్తించడం అభ్యాసం మీద వచ్చే విద్య. తలపై మూడు గీతలుంటే బలంలో గ్రేడ్ 5, ఆరు గీతలుంటే అంతకంటే గట్టిదైన గ్రేడ్ 8 అన్నది అందరికీ తెలిసినదే. ఆ గీతల మధ్య తయారీదారు గుర్తు కూడా ఉంటుంది. ఆ కాలపు జనరల్ మోటార్స్ కార్లలో ‘టీఆర్’, ‘ఆర్‌బీడబ్ల్యూ’ అనే అక్షరాలు తరచుగా కనిపిస్తాయి. ఫెండరు (ముందు చక్రాల మీది రేకు) బోల్టులకు వాషరు విడిగా రాదు. మరలు చుట్టకముందే వాషరును తొడిగి, ఆ తరువాత మరలు ఒత్తుతారు కాబట్టి అది తిరుగుతుందే తప్ప ఊడిరాదు. అసెంబ్లీ లైనులో పనివాడికి రంధ్రం వెంటనే అందేలా వాటిలో చాలావాటికి కొన కూడా సన్నగా ఉంటుంది. సిలిండరు హెడ్ వంటి పోత భాగాలపై నెలకొక అక్షరం, తేదీ, సంవత్సరపు చివరి అంకె ఉంటాయి కనుక వాటి వయసు చెప్పడం తేలిక. బోల్టుకు ఆ సౌకర్యం లేదు. తల గుర్తు, ఆకారం, పూత మూడూ కలిసివస్తేనే నమ్మాలి.

అందుకే సంతకు వెళ్ళకముందే, వేసవిలో ఇలినాయ్ రాష్ట్రంలోని పాంటియాక్ అనే ఊరికి వెళ్ళాను. షికాగోకు నైరుతి దిక్కున సుమారు 100 మైళ్ళ దూరంలో, పాత రూట్ 66 దారిలో ఉన్న ఆ చిన్న ఊరిలో పాంటియాక్-ఓక్‌లాండ్ మ్యూజియం ఉంది. కార్ల కంటే అక్కడి పుస్తకాలు, సర్వీసు మాన్యువళ్ళు నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. ఈ పని మొదలుపెట్టేవారు ముందుగా అక్కడికి వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఏది ఎలా ఉండాలో తెలియకుండా సంతలో నిలబడితే డబ్బూ పోతుంది, సమయమూ పోతుంది.

కార్లైల్‌కు మా ఊరి నుంచి ఒహైయో టర్న్‌పైక్, పెన్సిల్వేనియా టర్న్‌పైక్‌ల మీదుగా దాదాపు 500 మైళ్ళు. టోలు ఖరీదైనదే గాని అలెఘనీ కొండల కింది సొరంగాలు దాటి లోయలోకి దిగేటప్పుడు అలసట తెలియదు. మొదటి రెండు రాత్రులు టర్న్‌పైక్, ఐ-81 రహదారులకు దగ్గరగా ఒక మోటల్‌లో దిగాము. గది శుభ్రంగానే ఉంది, సంత మైదానం పది నిమిషాల దూరమే, కాని ట్రక్కుల మోత తెల్లవార్లూ ఆగలేదు. సంత వారం కనుక అద్దె కూడా మామూలు రోజులకంటే బాగా ఎక్కువ తీసుకున్నారు. మూడో రాత్రికి బాయిలింగ్ స్ప్రింగ్స్ అనే పల్లెకు మారి, చెరువు గట్టున ఒక పాత ఇంట్లో ఉన్నాము. అపలాచియన్ కాలిబాట ఆ ఊరి గుండానే పోతుంది. ఇంటావిడ మేము శాకాహారులమని విని, పొద్దున్నే పళ్ళు, రొట్టె, బంగాళదుంపల వేపుడు పెట్టారు. ఇంకోసారి వెళితే మూడు రాత్రులూ అక్కడే ఉంటాను.

ఈ సంతను 1974లో బిల్ మిల్లర్, చిప్ మిల్లర్ అనే ఇద్దరు మిత్రులు, రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి కార్ల కోసమని ప్రారంభించారు. ఇంటిపేరు ఒకటే అయినా వారు బంధువులు కారు. ఇప్పుడు వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి జరుగుతుంది. ఎకరాలకొద్దీ మైదానంలో వరుసలు వరుసలుగా బల్లలు, టార్పాలిన్లు, ట్రక్కుల వెనుక తెరిచిన డబ్బాలు. నేను విజయవాడ ఆటోనగర్ పక్కన పెరిగాను కనుక పాత ఇనుము, గ్రీజు కలిసిన ఆ వాసన రాగానే ఇంటికి వచ్చినట్టే అనిపించింది. శుక్రవారం సాయంత్రానికి మంచి సరుకు అయిపోతుంది, శనివారం మధ్యాహ్నానికి చాలామంది సర్దుకుంటారు. కాబట్టి బుధ, గురువారాలలోనే వెళ్ళాలి. మేము గురువారం ఉదయం ఏడింటికి లోపల ఉన్నాము. చేతిలో నోటు పుస్తకం, మరల గేజి, వెర్నియర్, చిన్న వైరు బ్రష్, టార్చి, చిల్లర నోట్లు. మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో తెచ్చుకోవడం ఎంత మేలైందో, తీపి పిండివంటలు, మాంసం తప్ప మరేమీ దొరకని ఆ దుకాణాల ముందు నడిచినప్పుడు తెలిసింది.

పెద్ద బల్లలపై అందంగా సంచుల్లో పెట్టి అమ్మేవి చాలావరకు కొత్తగా చేసిన నకళ్ళు. అవి చెడ్డవి కావు. కాని తల గుర్తు లేకుండా, పూత మరీ ఒకే తీరుగా ఉంటాయి. నాకు కావలసినవి దొరికినది మైదానం చివరి వరుసలో, ఒక వృద్ధుని కాఫీ డబ్బాల్లో. 1960ల చివరి పాంటియాక్, షెవర్లే కార్లను తుక్కుకు విప్పినప్పుడు ఏ భాగపు బోల్టులు ఆ భాగపు డబ్బాలోనే వేసి, మూతపై సుద్దతో రాసుకున్న మనిషి ఆయన. గంటన్నర సేపు కింద కూర్చొని ఏరుకున్నాము. ఫెండరు బోల్టులు ఇరవై రెండు, రేడియేటరు సపోర్టువి ఆరు, ఒక జత బానెట్ కీళ్ళు తీసుకుని అరవై డాలర్లిచ్చాను. ఆయన బేరమాడలేదు, నేనూ ఆడలేదు.

తిరుగు ప్రయాణంలో పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో ఉన్న శ్రీ వేంకటేశ్వరాలయానికి వెళ్ళాము. 1970ల నుంచి అమెరికాలోని తెలుగువారికి అది తిరుమలకు బదులు. టర్న్‌పైక్ నుంచి కొద్ది దూరమే. దర్శనం, కింది క్యాంటీన్‌లో దోసె అయిన తరువాత మనసు నెమ్మదించి, మిగిలిన దారి తేలికగా సాగింది.

ఇక పూత సంగతి. ఫెండరు బోల్టులకు, బానెట్ కీళ్ళకు ఫ్యాక్టరీ వేసినది నల్లటి బూడిదరంగు ఫాస్ఫేట్. బ్రేకు బూస్టరుకు పసుపు, గులాబి, ఆకుపచ్చ ఛాయలు తిరిగే డైక్రోమేట్ పూత. కొన్ని బ్రాకెట్లకు వెలిసిన వెండివంటి జింకు. పాంటియాక్ ఇంజనును మాత్రం బిగించిన తరువాతే నీలిరంగు వేశారు, కాబట్టి దాని బోల్టులు చాలావరకు ఇంజను రంగులోనే ఉండాలి. వాటికి విడిగా పూత వేయించినవారి శ్రమ చూస్తే నాకు బాధ కలుగుతుంది.

కిందటి సంవత్సరం ఒక పూత కర్మాగారానికి జింకు పని కోసం కొన్ని భాగాలను పోస్టులో పంపాను. నాలుగు క్లిప్పులు తిరిగి రాలేదు, ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచడం వల్ల రెండు బోల్టుల తల గుర్తులు చెరిగిపోయాయి. అందువల్ల ఈసారి ఒహైయోలో దారిలోనే ఉన్న మరో చోట స్వయంగా అప్పగించాను. లెక్క రాసి, తెల్ల కాగితంపై పరచి ఫోటో తీసి, ఇద్దరమూ సంతకం చేశాము. యజమాని నన్ను లోపలికి తీసుకెళ్ళి, చిన్న బోల్టులను తిరిగే పీపాలో, బ్రాకెట్లను తీగలకు వేలాడదీసి చేస్తారని చూపించారు. గట్టి ఉక్కు స్ప్రింగులను ఈ పూతకు ఇవ్వకూడదని నేను అనకముందే ఆయనే చెప్పారు. ఆమ్లంలోనూ పూతలోనూ హైడ్రోజన్ ఉక్కులోకి చొచ్చుకుపోయి దానిని పెళుసుగా మారుస్తుంది. కొద్ది గంటలలోపే దాదాపు 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర చాలాసేపు కాల్చకపోతే, బిగించిన కొంతకాలానికి హఠాత్తుగా విరిగిపోతాయి. అలా చెప్పగల చోటుకే భాగాలివ్వాలి. కనీస రుసుము ఎక్కువే కాబట్టి ఒకేసారి ఎక్కువ సరుకు పోగుచేసి తీసుకువెళ్ళడం లాభం.

ఫాస్ఫేటు మాత్రం ఇంట్లోనే చేశాను. మొదట గ్రీజు పూర్తిగా కడిగి, సన్నని గాజు పూసలను గాలి వేగంతో కొట్టి శుభ్రం చేసి, వేళ్ళు తగలకుండా, స్టెయిన్‌లెస్ గిన్నెలో 90 డిగ్రీల దగ్గర మాంగనీసు ఫాస్ఫేటు ద్రావణంలో ముంచాను. బుడగలు తగ్గాక తీసి, వేడినీళ్ళలో కడిగి, వెచ్చగా ఉండగానే నూనెలో వేస్తే ఆ మెత్తని నలుపు వస్తుంది. పాత కాడ్మియం పూత ఉందని అనుమానం ఉన్న భాగాలను మాత్రం రుద్దలేదు, వేడి చేయలేదు. దాని ధూళి, పొగ విషం. స్టీరింగు, సస్పెన్షన్, సీటు బెల్టు బోల్టుల్లో మర సాగినా, మెడ సన్నబడినా వాటిని పక్కన పడేసి కొత్తవే వేశాను. అక్కడ అసలుతనం కంటే ప్రాణం ముఖ్యం.

ఇప్పుడు కుడివైపు ఫెండరు పూర్తిగా దాని కాలపు బోల్టులతో బిగించి ఉంది. ఎడమవైపు కింది మూల బోల్టు ఒక్కటి, సన్న కొనతో ‘టీఆర్’ గుర్తు ఉన్నది, ఇంకా దొరకలేదు. ఏప్రిల్‌లో జరిగే వసంత సంతకు బాయిలింగ్ స్ప్రింగ్స్‌లోని అదే ఇంట్లో మూడు రాత్రులకు గది చెప్పి ఉంచాను.