150 ఫారాలా, 12 మంది పిల్లలా? డిసర్టేషన్‌కి ఏది మేలు?

ఏటా డిసెంబరు వచ్చేసరికి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) రెండో ఏడాది విద్యార్థులు డిసర్టేషన్ గురించి, అంటే కోర్సులో భాగంగా రాసే పరిశోధన నివేదిక గురించి, నన్ను అడిగేది ఒకటే. "మేడం, హాస్టల్ పిల్లల మానసిక ఆరోగ్యం మీద చేద్దామనుకుంటున్నా. సర్వే చేయనా, ఇంటర్వ్యూలు చేయనా?" ఆ వెంటనే ఇంకో మాట: "సర్వే అయితే తొందరగా అయిపోతుంది కదా?"

అవుతుంది. ఒక్క స్టడీ అవర్‌లో 60 ఫారాలు నింపించుకుని బస్సెక్కేయొచ్చు. చదువుకునే రోజుల్లో నేనూ అదే చేశాను.

నేను పట్టుకెళ్లింది ఎస్‌డీక్యూ (స్ట్రెంగ్త్స్ అండ్ డిఫికల్టీస్ క్వశ్చనేర్). రాబర్ట్ గుడ్‌మన్ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు 1997లో ప్రచురించిన, పిల్లల మనసు, ప్రవర్తన ఇబ్బందుల్ని కొలిచే ప్రశ్నావళి. అందులో 25 వాక్యాలుంటాయి. ఒక్కోదానికి 'నిజం కాదు', 'కొంత నిజం', 'పూర్తిగా నిజం' అని మూడు గడులు. వీటిలో 20 వాక్యాలు కలిపి 40కి ఇబ్బందుల స్కోరు వస్తుంది. 11 ఏళ్లు దాటినవాళ్లు ఎవరి ఫారం వాళ్లే నింపుకోవచ్చు. అందులో ఒక వాక్యం తలనొప్పి, కడుపునొప్పి తరచూ వస్తాయా అన్నది. వెనక వరసలో కుర్రాళ్లు చాలామంది 'పూర్తిగా నిజం' మీద టిక్కు పెట్టారు. ఇంకేం, ఆందోళన లక్షణాలు ఎక్కువని సంబరంగా రాసుకున్నాను. ఆ సాయంత్రం అక్కడే వాళ్లతో కూర్చుని తింటుంటే ఒకడు చెప్పాడు: "ఇప్పుడు తింటే మళ్లీ పొద్దున టిఫినే అక్కా. రాత్రి కడుపులో ఒకటే నొప్పి." అది ఆకలి. మనసు జబ్బు కింద లెక్క కట్టబోయాను.

ఇంకో వాక్యం తనవి కాని వస్తువులు తీయడం గురించి. వార్డెన్ వరసల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతుంటే అవునని ఎవడు రాస్తాడు? "ఇది సార్ చూస్తారా అక్కా?" అని ఒకడు గుసగుసగా అడిగాడు. చూడరన్నాను. పక్కవాడి ఫారం మాత్రం ఆయన అప్పటికే చూసేశారు.

అలాగని సర్వేని తీసిపారేయను. ఎంతమందికి ఇబ్బంది ఉందో తేలాలంటే లెక్కే కావాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ నడిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన పిల్లల లెక్క మనకి కావాలి, నిజమే. కానీ దానికి శిక్షణ ఉన్న బృందం, సరైన శాంపిల్ ఉండాలి. రెండు హాస్టళ్లలో మీరు పోగుచేసిన 150 ఫారాలు ఆ లోటు తీర్చలేవు.

మూడు నెలలే చేతిలో ఉన్న విద్యార్థికి నా ఓటు ఇంటర్వ్యూలకే. 12 మంది చాలు, కానీ ఒక్కొక్కరిని కనీసం మూడుసార్లు కలవాలి. మొదటిరోజు అందరూ "బాగుంది అక్కా" అనే అంటారు. హక్కుల పరంగా చూసినా ఇదే నయం. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం పిల్లల అభిప్రాయం వినాలంటుంది. భారత్ 1992లో అందులో చేరింది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల వాళ్ల దగ్గర నోటిమాటగా, ఆపై 18 వరకు రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. తల్లిదండ్రుల సమ్మతి వేరే. వార్డెన్ సంతకం దానికి బదులు కాదు, ఈ పొరపాటు ఏటా చూస్తూనే ఉన్నాను. ఫారం ఇష్టంలేని పిల్లాడు అన్నిటికీ మధ్య గడిలో టిక్కు కొట్టి ఇచ్చేస్తాడు, మనకి తెలియను కూడా తెలియదు. ఎదురుగా కూర్చున్నవాడైతే "రేపు మాట్లాడతా అక్కా" అని ఆటకి పరిగెడతాడు. వాడు వద్దంటున్నాడని అర్థం చేసుకుని ఊరుకోవాలి.

బొమ్మలు గీయించే పద్ధతి మాట మొదలుపెట్టడానికి బాగుంటుంది. చెట్టుకి వేర్లు గీయలేదు కాబట్టి అభద్రతాభావం అని రాసుకొస్తే మాత్రం నేను కొట్టేస్తాను.

ఇంటర్వ్యూల్లో అసలు టెన్షన్ వేరే ఉంది. పిల్లాడు చెప్పకూడదనుకున్నది చెప్పేస్తే? లైంగిక వేధింపు సంగతి బయటపడితే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకి తెలియజేయాల్సిందే. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. కాబట్టి "ఎవరికీ చెప్పను, ఒట్టు" అని మాటివ్వకండి. ఏది దాస్తారో, ఏది దాచలేరో మొదటిరోజే చెప్పండి. 1098 (పిల్లల హెల్ప్‌లైన్), 14416 (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్లు కాగితం మీద రాసిస్తే సరిపోదు. ఫలానా రోజు వచ్చి కూర్చుంటానని ఒప్పుకున్న కౌన్సెలర్ ఒకరు ముందే ఉండాలి. గాయం కెలికి శనివారం మీరు ఊరెళ్లిపోతే ఆదివారం వాడితో ఎవరుంటారు?

అలాంటి మనిషి దొరక్కపోతే పిల్లల జోలికే వెళ్లొద్దు. వార్డెన్లని, వంటవాళ్లని అడగండి: రాత్రిపూట ఎవరైనా పిల్లాడు ఏడిస్తే ఇక్కడ ఏం చేస్తారని. దాని మీదే ఒక డిసర్టేషన్ రాయొచ్చు.