ఆరేళ్ల వాడకం తర్వాత ఇంట్లో క్యాట్ 6 వైరింగ్

రెండంతస్తుల ఇల్లు, పద్నాలుగు పాయింట్లు. క్యాట్ 6 అనే రకం నెట్‌వర్క్ వైరు 305 మీటర్ల బాక్సు ఒకటి సరిపోయింది. సెకనుకు ఒక గిగాబిట్ వేగం ఆరేళ్లుగా నిలకడగా వస్తోంది. ఈమధ్య నెట్‌వర్క్ స్విచ్ మారిస్తే అదే వైరు మీద 2.5 గిగాబిట్ కూడా నడుస్తోంది. క్యాట్ 6 మీద 10 గిగాబిట్ సుమారు 55 మీటర్ల దాకా వెళ్తుంది. మామూలు ఇంట్లో ఏ పాయింటూ 30 మీటర్లు దాటదు కాబట్టి, లావుగా ఉండి వంపుల్లో సతాయించే పై రకం క్యాట్ 6ఏ అవసరం లేదు. క్యాట్ 7 అయితే అసలే వద్దు. చివర మామూలు ఆర్‌జే45 ప్లగ్గు బిగించాక దాని అదనపు ధరకు ఇంట్లో ఫలితం కనబడదు.

అసలు మోసం రాగి దగ్గర జరుగుతుంది. చవకగా దొరికే చాలా బాక్సుల్లో ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం. లోపలి తీగను బ్లేడుతో గీకండి, తెల్లగా మెరిస్తే తిరిగి ఇచ్చేయండి. అది నాలుగుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది, వైరులోనే కరెంటు వెళ్లే పీఓఈ కెమెరాలకు వోల్టేజీ చాలకపోవచ్చు. పగలంతా బాగుండి, చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే కెమెరా రీస్టార్ట్ అవుతుంటే ముందు వైరునే అనుమానించాలి. 23 గేజి, పూర్తి రాగి అని రాసి ఉన్నదే కొనండి.

ఆరేళ్లలో వచ్చిన ఫిర్యాదు ఒక్కటే: పడకగది పాయింట్ 100 మెగాబిట్‌కు పడిపోయింది. గిగాబిట్‌కు వైరులోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. అందుకే మిగతా రెండింట్లో ఒక జత ఊడినా నెట్ ఆగదు, వేగం మాత్రం పోతుంది. టెస్టర్ పెడితే ఎనిమిదో లైటు వెలగలేదు, గోధుమరంగు తీగ జాక్‌లో సరిగ్గా దిగలేదు. పంచ్ టూల్‌తో మళ్లీ గుచ్చితే సరిపోయింది. జాక్ దగ్గర జతల మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. రెండు చివర్లా తీగల రంగుల వరుస ఒకటే ఉండాలి, ఉదాహరణకు టీ568బీ.

వైరు కన్నా పైపు ముఖ్యం, ఈ ఇంట్లో తప్పు జరిగిందీ అక్కడే. మెట్ల దగ్గర 20 మిల్లీమీటర్ల పైపు వేశారు, రెండు వైర్లతో నిండిపోయింది. వైఫై యాక్సెస్ పాయింట్ కోసం మూడోది లాగబోతే వంపులో ఇరుక్కుంది. 25 మిల్లీమీటర్ల పైపు వేయించండి, మూలల్లో పదునుగా మలిగే ఎల్బో కాకుండా మెల్లగా వంగే బెండ్ పెట్టించండి, కరెంటు వైర్ల పైపు విడిగా ఉండాలి. తర్వాత వైరు లాగడానికి లోపల నైలాన్ తాడు ఒకటి వదిలేయించండి. గోడలోని ప్రతి జాక్ బాక్సులో అడుగు వైరు చుట్టి ఉంచండి, జాక్ మార్చిన ప్రతిసారీ ఒక అంగుళం పోతుంది.