చవక ఇయర్‌బడ్స్‌కు అసలు పరీక్ష మనిషి గొంతు

రోజూ వినడానికి తక్కువ ధరలో దొరికే ట్రూ వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ సరిపోతాయా అని చాలామంది అడుగుతుంటారు. తప్పకుండా సరిపోతాయి. అయితే అవి చెవికి చక్కగా అమరాలి, మనిషి గొంతును ఉన్నది ఉన్నట్టు వినిపించాలి. ఈ రెండు సంగతులూ డబ్బా మీద ఎక్కడా రాసి ఉండవు. డ్రైవర్ (లోపల ధ్వని పుట్టించే చిన్న స్పీకరు) ఎన్ని మిల్లీమీటర్లు, బ్యాటరీ ఎన్ని గంటలు, బ్లూటూత్ ఎన్నో వెర్షన్ అన్న అంకెలే అక్కడ కనిపిస్తాయి. ఆ అంకెలు చూసి కొన్నవారు రెండో రోజుకే వాటిని పక్కన పడేయడం నాకు బాధ కలిగిస్తుంది. చాలాసార్లు లోపం ఇయర్‌బడ్స్‌లో కంటే అవి చెవిలో కూర్చున్న తీరులోనే ఉంటుంది.

నేను చేసేది శ్రవణ పుస్తకాల రికార్డింగులు విని తప్పులు పట్టే పని. పాఠాన్ని ముందు పెట్టుకుని, చదివేవారి గొంతు వింటూ, ఎక్కడ అక్షరం జారిపోయిందో, ఎక్కడ ఒత్తు పలకలేదో, ఎక్కడ ఊపిరి మైకు మీద పడిందో గుర్తించాలి. ఆ పనికి వైరున్న పెద్ద హెడ్‌ఫోన్లే వాడతాను. పని అయ్యాక నడకలో, ఇంటిపనిలో, ప్రయాణంలో వినేదంతా చవక జతతోనే. ఇప్పుడు నా దగ్గర ఉన్నది ఈ రకంలో బాగా తక్కువ ధర తరగతికి చెందింది. 10 మిల్లీమీటర్ల డ్రైవర్లు, సిలికాన్ టిప్స్ (చెవిలోకి వెళ్లే మెత్తని తొడుగులు), తేలికపాటి ప్లాస్టిక్ కేసు. బయటి మోతను తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ లేదు. దాని పేరు రాయడం లేదు. ఈ తరగతిలో మోడళ్లు చాలా త్వరగా మారిపోతాయి, మీరు కొనేనాటికి అదే పేరుతో దొరకకపోవచ్చు. ఏ మోడల్‌నైనా ఎలా పరీక్షించుకోవాలో తెలిస్తే చాలు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది అమరిక. డబ్బాలో సాధారణంగా మూడు సైజుల టిప్స్ ఇస్తారు, మధ్య సైజు ముందే తొడిగి ఉంటుంది. మిగతా రెండూ చిన్న కవరులోనే ఉండిపోతాయి. చెవి రంధ్రం పూర్తిగా మూసుకుంటేనే బేస్, అంటే గుమ్మనే కింది స్థాయి ధ్వని, వినిపిస్తుంది. ఎక్కడైనా కాస్త సందు ఉంటే కింది స్థాయి ధ్వనులు ఆ సందులోంచి జారిపోతాయి, మిగిలినదంతా పలచగా, గరగరగా వినిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి వాల్యూమ్ పెంచుతాం, గరగర ఇంకా పెరుగుతుంది. పరీక్ష చాలా సులువు. నిలకడైన బేస్ ఉన్న పాట పెట్టి, ఇయర్‌బడ్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కగానే బేస్ ఒక్కసారిగా నిండుగా వచ్చి, వేలు తీయగానే తగ్గిపోతే టిప్ సైజు సరిపోలేదని అర్థం. ఇంకో సైజు తొడగండి. రెండు చెవులకూ ఒకే సైజు పట్టాలని నియమమేమీ లేదు. నాకు కుడి చెవికి మధ్య సైజు, ఎడమ చెవికి పెద్దది సరిపోయాయి.

పెట్టుకునే పద్ధతి కూడా ముఖ్యమే. ఒక చేత్తో చెవిని కొద్దిగా పైకి, వెనక్కి లాగి పట్టుకుని, రెండో చేత్తో ఇయర్‌బడ్‌ను లోపలికి పెట్టి కొంచెం తిప్పాలి. తర్వాత నోరు తెరిచి మూసి, నాలుగు మాటలు మాట్లాడి చూడండి. దవడ కదిలినప్పుడల్లా పట్టు వదులుతుంటే నడకలో అది నిలవదు. సిలికాన్‌తో ఎంతకీ కుదరకపోతే విడిగా ఫోమ్ టిప్స్ దొరుకుతాయి. అవి నలిపి పెడితే చెవిలో వ్యాకోచించి రంధ్రాన్ని బాగా మూస్తాయి. కాకపోతే త్వరగా అరిగిపోతాయి.

ఇక గొంతు. ఈ విషయంలో నాకు చాలా పట్టుదల ఉంది, ఎందుకంటే మనలో ఎక్కువమంది రోజంతా వినేది మాటలే: వార్తలు, ప్రసంగాలు, పాఠాలు, కథలు, ఫోన్ సంభాషణలు. పాటలో కూడా సాహిత్యం గొంతులోంచే వస్తుంది. చవక ఇయర్‌బడ్స్ తయారీదారుల్లో చాలామంది మొదటి నిమిషంలోనే ఆకట్టుకోవాలని బేస్ బాగా పెంచి, పై స్థాయి ధ్వనులకు మెరుపు పెడతారు. మధ్యలో ఉండే గొంతు వెనక్కి పోతుంది. పెద్ద శబ్దంతో వచ్చే కింది స్థాయి ధ్వని తనకంటే పై స్థాయిలో ఉన్న మెత్తని ధ్వనులను కప్పేయడం మన వినికిడి లక్షణం. అందుకే బేస్ ఎక్కువైతే బేస్ ఒక్కటే ఎక్కువైనట్టు అనిపించదు, మాటలే మసకబారతాయి.

నా పరీక్ష స, శ, ష ల మీద ఉంటుంది. ఈ మూడూ గాలి రాపిడితో పుట్టే ధ్వనులే. ‘స’లో శక్తి ఎక్కువగా పై పౌనఃపున్యాల్లో, సుమారు 5,000 హెర్ట్‌జ్‌కు పైన ఉంటుంది. శ, ష లు అంతకంటే కింద ఉంటాయి. ఇయర్‌బడ్స్ పై స్థాయిలో ఒకచోట అతిగా మోగితే ‘స’ ఈలలా గుచ్చుకుంటుంది. ఆ స్థాయి అణిగిపోతే ‘స’ కాస్తా ‘శ’కు దగ్గరగా వినిపిస్తుంది. ‘సంశయం’, ‘శాసనం’, ‘విశేషం’ వంటి మాటలు స్పష్టంగా పలికే ఒక స్త్రీ గొంతు, ఒక పురుషుడి గొంతు ఎంచుకుని, వాల్యూమ్ సగానికి తగ్గించి వినండి. ఏ అక్షరం ఏదో తడుముకోకుండా తెలిస్తే ఆ జత మంచిదే. వాల్యూమ్ తగ్గించడం ఇక్కడ చాలా అవసరం. శబ్దం ఎక్కువగా ఉన్నది మనకు ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. రెండు జతలను పోల్చేటప్పుడు కూడా రెండింటి వాల్యూమూ ఒకే స్థాయికి తెచ్చాకే తీర్పు చెప్పాలి.

నా జత ఈ పరీక్షలో మొదట సగమే నెగ్గింది. పురుషుల గొంతు కుండలోంచి వస్తున్నట్టు గుమ్మని ఉంది, స్త్రీల గొంతులో ‘స’ కాస్త గుచ్చుకుంది. ఫోనులో ఉన్న ఈక్వలైజర్ (ఏ స్థాయి ధ్వనిని ఆ స్థాయిలో విడిగా పెంచే, తగ్గించే సాధనం) తెరిచి 100 హెర్ట్‌జ్ పరిసరాలను నాలుగు డెసిబెల్స్, 6,000 నుంచి 8,000 వరకు ఉన్న భాగాన్ని మూడు డెసిబెల్స్ తగ్గించాను. గొంతు ముందుకు వచ్చింది. మృదంగం తొప్పి దెబ్బ అంతకుముందు ముద్దగా సాగేది, ఇప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తోంది. తంబూర శ్రుతి పాట వెనుక సన్నగా నిలబడుతోంది. వీణలో గమకం చివర తీగ జారే శబ్దం మాత్రం నా వైరున్న హెడ్‌ఫోన్లలో వినిపించినంత సున్నితంగా ఇందులో రాదు. ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంటుంది. నడుస్తూ వినేటప్పుడు అది నన్ను ఇబ్బంది పెట్టలేదు. మీరు కొనే జతకు సొంత యాప్ లేకపోయినా ఫోను సెట్టింగుల్లోనో, పాటలు వినే యాప్‌లోనో ఈక్వలైజర్ ఉందేమో చూడండి. పెంచడం కంటే తగ్గించడం మేలు. పెంచితే చిన్న డ్రైవర్లు తట్టుకోలేక ధ్వని పగులుతుంది.

డ్రైవర్ సైజు గురించి ఎక్కువ ఆలోచించకండి. 13 మిల్లీమీటర్లది 10 మిల్లీమీటర్లదాని కంటే మేలన్న హామీ ఏమీ లేదు, అంతా దాన్ని శ్రుతి చేసిన తీరును బట్టి ఉంటుంది. కోడెక్ (బ్లూటూత్‌లో పంపడానికి ధ్వనిని కుదించే పద్ధతి) సంగతీ అంతే. ఎస్‌బీసీ అనే రకం అన్ని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలోనూ తప్పనిసరిగా ఉంటుంది, చాలావాటిలో ఏఏసీ కూడా ఉంటుంది. ఈ ధరలో మీ చెవికి తెలిసే తేడా కోడెక్ వల్ల కంటే టిప్ వల్లే ఎక్కువ వస్తుంది. వీడియో చూసేటప్పుడు ధ్వని బొమ్మ కంటే వెనకబడే ఆలస్యాన్ని చాలా యాప్‌లు తామే సర్దుకుంటాయి. ఆటలు ఆడేవారికి మాత్రం ఆ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ ఉన్నది అవసరం.

డబ్బాల మీద చాలామందిని తికమకపెట్టేవి ఏఎన్‌సీ, ఈఎన్‌సీ అన్న రెండు మాటలు. మొదటిది, అంటే నాయిస్ క్యాన్సిలేషన్, మన చెవికి చేరే బయటి శబ్దాన్ని తగ్గిస్తుంది. రెండోది ఫోనులో అవతలివారికి చేరే మన చుట్టుపక్కల శబ్దాన్ని తగ్గిస్తుంది, మనకు వినిపించే దాంట్లో దానివల్ల ఏ మార్పూ ఉండదు. పక్కపక్కన పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి కాబట్టి కొనేముందు ఒకటికి రెండుసార్లు చదవండి. చవక జతల్లో ఏఎన్‌సీ ఉన్నా అది ఫ్యాను, ఇంజను వంటి ఎడతెగని మోతను మాత్రమే కొంత అణచగలదు. పక్కవారి మాటలను ఆపడంలో టిప్ పట్టుదే పెద్ద పాత్ర.

ఫోన్ మాటల విషయంలో నా జత నాకు నచ్చలేదు, దాచి చెప్పడం ఇష్టం లేదు. గదిలో బాగానే ఉంటుంది. బయట గాలి వీస్తే మైకులో బుస్సుమని శబ్దం నిండిపోతుంది. దాన్ని తగ్గించబోయి ఇయర్‌బడ్స్ నా గొంతునూ కోసేస్తాయి, మాట మధ్యలో అక్షరాలు మాయమవుతాయి. ఇయర్‌బడ్స్ మైకుతో ఫోనులో ఒక నిమిషం రికార్డు చేసి వింటే మీకే తెలుస్తుంది: ఒకసారి గదిలో, ఒకసారి ఫ్యాను పక్కన, ఒకసారి రోడ్డు వారన. రోజంతా బయట ఉండి ఫోనులో మాట్లాడాల్సిన ఉద్యోగమైతే ఈ తరగతి ఇయర్‌బడ్స్ కొనవద్దనే చెబుతాను.

ఇంకో సంగతి తెలిస్తే అనవసరంగా తిప్పి పంపే పని తప్పుతుంది. కంప్యూటర్‌లో సమావేశం మొదలవగానే ధ్వని ఒక్కసారిగా పాత టెలిఫోనులా మొద్దుబారిపోతుంది. బ్లూటూత్‌లో పాటలకు ఒక పద్ధతి, మాట్లాడటానికి ఇంకో పద్ధతి ఉన్నాయి. మైకు తెరుచుకోగానే రెండో పద్ధతికి మారుతుంది. అందులో ధ్వనిని చాలావరకు సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాలతోనే పంపుతారు. 8,000 అయినప్పుడు 4,000 హెర్ట్‌జ్ పైన ఏమీ రాదు, నేను ఇంతసేపూ చెప్పిన ‘స’ అక్కడే పోతుంది. ఇలాంటప్పుడు కంప్యూటర్ సొంత మైకును ఎంచుకుని, వినడానికి మాత్రమే ఇయర్‌బడ్స్ వాడితే సాధారణంగా స్పష్టత తిరిగి వస్తుంది.

వాల్యూమ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క గుర్తుంచుకోండి: 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, 90 దగ్గరైతే 4 గంటలే. పది డెసిబెల్స్ పెరిగితే సమయం పదో వంతుకు పడిపోతుంది. బస్సులో ఇంజను మోతను మించి వినాలని వాల్యూమ్ పెంచేవారు ఆ పది డెసిబెల్స్ తేలిగ్గా దాటేస్తారు. చెవులే ఆధారంగా బతికే మనిషిగా దీన్ని గట్టిగా చెబుతున్నాను. ఇక్కడ కూడా మందు సరైన టిప్పే. బయటి మోత తగ్గితే లోపల పెంచాల్సిన పని ఉండదు.

మన్నిక సంగతికి వస్తే, ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచీ చిందే నీటిని తట్టుకుంటుందని. చెమటకు, చినుకులకు అది చాలు. ఆ రక్షణ ఇయర్‌బడ్స్‌కే తప్ప చాలావరకు కేసుకు ఉండదు. కాబట్టి తడి ఇయర్‌బడ్స్‌ను తుడవకుండా కేసులో పెడితే చార్జింగ్ పిన్నులు పాడవుతాయి. ఒక వైపు ధ్వని తగ్గిపోతే వెంటనే పాడైందని అనుకోకండి. టిప్ తీసి చూస్తే కింద సన్నని జాలీ కనిపిస్తుంది. గుబిలి పేరుకుని దాని కన్నాలు మూసుకుపోయి ఉంటాయి. జాలీని నేల వైపు తిప్పి పట్టుకుని, పొడి మెత్తటి బ్రష్షుతో మెల్లగా దులిపితే చాలాసార్లు గొంతు తిరిగి వస్తుంది. సూదితో మాత్రం పొడవకండి.

బ్యాటరీ గంటల్లో డబ్బా మీది పెద్ద అంకె కేసులో ఉన్న చార్జింగ్‌ను కూడా కలిపి చెప్పేది. ఒక్కసారి పెట్టుకుంటే ఎన్ని గంటలు వస్తుందన్న చిన్న అంకెనే చూడండి. లోపలి బ్యాటరీ చాలా చిన్నది, వాడేకొద్దీ దాని శక్తి తగ్గుతుంది. ఒంటి చెవితో వినే అలవాటున్నవారు కుడి, ఎడమలను మార్చి మార్చి వాడితే రెండూ సమానంగా అరుగుతాయి. ఆ బ్యాటరీని మార్చుకునే వీలు ఈ తరగతిలో దాదాపు ఉండదు. ఒకటి పోగొట్టుకుంటే విడిగా ఒక్కటే దొరకడమూ కష్టమే. తయారీదారులు ఈ రెండూ సరిచేయాలని గట్టిగా కోరుకుంటాను. అంతవరకు కొనేటప్పుడు టిప్ తొడిగే కాడ గుండ్రంగా ఉందా, కోలగా ఉందా అని చూడండి. గుండ్రటి కాడకు విడిగా అమ్మే టిప్స్ ఎక్కువగా సరిపోతాయి, కోలగా ఉన్నదానికి దొరకడం కష్టం.